ఇరవై ఆరేళ్లకు నిలబడిన ఒక ప్రశ్న



అమరావతిలో క్వాంటం వ్యాలీ పెడతామని 2025లో ప్రభుత్వం చెప్పినప్పటి నుంచి మా హాస్టల్ గదుల్లో కూడా అదే మాట. ఆ కంప్యూటర్లకు పెద్ద శత్రువు ‘డీకోహెరెన్స్’ అంటారు. మేం చదివినంతలో దాని చరిత్ర రాస్తున్నాం.

చెరువులో రెండు రాళ్లు వేస్తే అలలు కలిసి నీళ్ల మీద ముగ్గులా కనబడతాయి. అప్పుడే వాన పడితే అలలు ఉంటాయి గానీ ముగ్గు చెదిరిపోతుంది. క్వాంటం కణం ఒకేసారి రెండు స్థితుల్లో ఉండగలదు. ఆ రెంటి మధ్య పొందికే కోహెరెన్స్. చుట్టూ ఉన్న గాలి, వెలుతురు, వేడి తగిలితే అది చెదురుతుంది. శక్తి మెల్లగా కారిపోతుంది, పొందిక చాలాసార్లు అంతకన్నా ముందే పోతుంది. మాయమైపోదు, చుట్టూ ఉన్న లెక్కలేని కణాల్లోకి పంచుకుపోతుంది. మళ్లీ ఏరుకోలేం.

1935లో ష్రోడింగర్ ఒకేసారి బతికీ చచ్చీ ఉన్న పిల్లి కథ చెప్పాడు. మరి అలాంటి పిల్లి మనకెందుకు కనబడదు? చాలామంది ఆ ప్రశ్నను పక్కన పెట్టేశారు. జర్మనీలో హైడెల్‌బర్గ్‌లో డీటర్ త్సే పెట్టలేదు. ఏ పెద్ద వస్తువూ ఒంటరిగా ఉండదు, చుట్టూ ఉన్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని 1970లో రాశాడు. ఈ పని నీ ఉద్యోగానికి మంచిది కాదని పెద్దవాళ్లు హెచ్చరించినా వదల్లేదు. 1981, 82ల్లో అమెరికాలో జూరెక్ ఆ ఆలోచనకు గట్టి లెక్కలు కట్టాడు.

1996లో పారిస్‌లో సెర్జ్ హరోష్ బృందం దాన్ని ప్రయోగంలో చూపించింది. ఎదురెదురు అద్దాల మధ్య కొద్దిపాటి మైక్రోవేవ్ ఫోటాన్లు ఉంచి, ఒక రుబీడియం పరమాణువును పంపి వాటిని రెండు స్థితుల్లోకి తెచ్చారు. కాసేపాగి ఇంకో పరమాణువును పంపి పొందిక ఎంత మిగిలిందో చూశారు. రెండు స్థితుల మధ్య తేడా పెరిగేకొద్దీ పొందిక తొందరగా పోయింది. 2012లో హరోష్‌కు, అమెరికాకు చెందిన వైన్‌లాండ్‌కు కలిపి నోబెల్ వచ్చింది. త్సేకు రాలేదు. 2018లో ఆయన చనిపోయాడు. ఆయన ప్రశ్న మాత్రం ఇప్పుడు ప్రతి క్వాంటం ల్యాబ్‌లోనూ ఉంది.

మన ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మనమే. ఇంగ్లీషు తడబడుతుందని, నవ్వుతారని వెనక బెంచీలో కూర్చుని ప్రశ్న మింగేస్తాం. మేమూ ఎన్నోసార్లు మింగేశాం. ఇకమీదట అడుగుదాం. మీరు అడగకుండా ఆపుకున్న ప్రశ్న ఒకటి కింద రాయండి. జవాబు తెలియకపోయినా ఫర్వాలేదు, కలిసి వెతుకుదాం.