నవ్వు మాటున యుద్ధము

శృంగారమునుండి హాస్యము పుట్టునని భరతముని చెప్పెను. ఇరువదవ శతాబ్దమున బ్రిటిషు ప్రజలు దానిని భయానకమునుండి పుట్టించిరి. రెండు మహాయుద్ధములు వారి యిండ్లను కూల్చెను. వారి యువకులను హరించెను. వారి పళ్లెములోని తిండిని తూకము వేసి పెట్టెను. ఆ యుద్ధములను గూర్చియే వారు రేడియోలోను, నాటకశాలలలోను, టెలివిజనులోను దశాబ్దముల తరబడి నవ్వుకొనిరి. ఆ హాస్య ప్రదర్శనములు సముద్రములు దాటి అనేక దేశములకు చేరినవి. పరదేశములలో వానిని చూచువారికి నవ్వు వచ్చును గాని ఆ నవ్వునకు మూలమైన చరిత్ర కానరాదు. కిటికీ సందున వెలుతురు కనబడినంతనే ఒక కూరగాయల వర్తకుడు వీధి యెల్ల వినునట్లు ఏల కేకలు వేయును? సైనికుని చేత తుపాకికి బదులు ఈటె ఏల యుండును? బ్యాంకు మేనేజరు దళనాయకుడెట్లయ్యెను? వీనికి సమాధానము చరిత్రలోనే వెదకవలెను.

1914లో ప్రారంభమైన ప్రథమ ప్రపంచ యుద్ధమున, ఫ్రాన్సు బెల్జియము దేశములలో సేనలు కందకములు త్రవ్వుకొని యేండ్ల తరబడి ఎదురెదురుగా నిలిచిపోయెను. బెల్జియములోని ఈప్ర అను పట్టణము ఫిరంగి గుండ్లకు శిథిలమయ్యెను. ఆ పేరు పలుకుటకు నోరు తిరుగని బ్రిటిషు సిపాయిలు దానిని 'వైపర్స్' అనిరి. 1916 ఆరంభమున ఆ శిథిలముల నడుమ ఒక ముద్రణ యంత్రము దొరకగా, కెప్టెన్ ఫ్రెడ్ రాబర్ట్స్, లెఫ్టినెంట్ జాక్ పియర్సన్ అను నధికారులు 'వైపర్స్ టైమ్స్' అను హాస్య పత్రికను వెలువరించిరి. అందులో ఉత్తుత్తి ప్రకటనలుండెడివి. ఇంటికడ కుర్చీలో కూర్చుండి యుద్ధమును వర్ణించు పత్రికా పండితులపై వెటకారముండెడిది. ఆ కాలముననే బ్రూస్ బేర్న్స్‌ఫాదర్ అను సైనికాధికారి 'ఓల్డ్ బిల్' అను గుబురుమీసముల ముసలి సిపాయి బొమ్మలు గీసి ప్రఖ్యాతుడయ్యెను. ఇతడు 1887లో నాటి పంజాబులోని ముర్రీలో జన్మించినవాడు. రేపు బ్రతికియుందుమో లేదో తెలియనివారు నవ్విన నవ్వు అది. తరువాత వచ్చిన యుద్ధహాస్యమున కెల్ల మూలము అందే యున్నది.

1939 సెప్టెంబరు 3వ తేదీన బ్రిటన్ జర్మనీపై యుద్ధము ప్రకటించినంతనే ప్రభుత్వము సినిమాశాలలను, నాటకశాలలను మూయించెను. ఒకచోట చేరిన వందలమంది ఒక్క బాంబునకు బలియగుదురని భయపడిరి. కాని కొలది వారములలోనే వానిని మరల తెరువవలసి వచ్చెను. చీకటి కమ్మిన నగరములలో జనుల కడుపునకు రొట్టె యెంత అవసరమో మనస్సునకు వినోదము నంతే అవసరమయ్యెను.

ఆ లోటును ముఖ్యముగా రేడియో తీర్చెను. బి.బి.సి. వారి 'ఇట్మా' అను కార్యక్రమము 1939 జులైలో మొదలయ్యెను. 'మళ్లీ ఆ మనిషే' యని దాని యర్థము. హిట్లరు చేయు ప్రతి ఆగడమునకును పత్రికలవారు పెట్టు శీర్షికనే హాస్యకారులు ఎత్తుకొనిరి. లివర్‌పూల్ వాసియైన టామీ హ్యాండ్లీ అందు ప్రధాన నటుడు. న్యూజిలాండునుండి వచ్చిన టెడ్ కావనా రచయిత. యుద్ధారంభమున హ్యాండ్లీ 'చికాకుల, రహస్యముల మంత్రి'గా అవతరించెను. యుద్ధమునకై దినమున కొక శాఖ, పూట కొక ఫారము పుట్టుచుండిన కాలమది. ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయువారికి ఈ హాస్యమును విప్పి చెప్ప నక్కరలేదు. ఫోనులో బెదరించు ఫుంఫ్ అను పనికిమాలిన జర్మను గూఢచారి కూడ అందుండెను. శత్రువుల గూఢచారులు ఇంటింట నున్నారను భయము దేశమెల్ల వ్యాపించియుండగా, ఆ భయమునకే ఒక పరిహాసపు పేరు పెట్టి పిల్లలచేత కూడ పలికించిరి. 1949 జనవరిలో హ్యాండ్లీ మరణించగా కార్యక్రమము అతనితోనే ముగిసెను. లండనులోని సెయింట్ పాల్ మహాలయమున అతనికి స్మారక ప్రార్థన జరిగెను. ఒక హాస్యనటునికి జాతి చెల్లించిన ఋణమది.

ఇక ఈటె కథ. 1940 మే 10వ తేదీన జర్మను సేనలు పశ్చిమ ఐరోపాపై విరుచుకుపడెను. నాలుగు దినములకు, మే 14వ తేదీ రాత్రి, యుద్ధమంత్రి ఆంథొనీ ఈడెన్ రేడియోలో మాటలాడుచు, పదునేడు మొదలు అరువదియైదేండ్లలోపు పురుషులు దేశరక్షణకు స్వచ్ఛందముగా పేర్లు నమోదు చేసికొనవలసినదని కోరెను. వారము తిరుగకమునుపే రెండున్నర లక్షలమంది ముందుకు వచ్చిరి. వేసవిలో ఆ సంఖ్య పది లక్షలు దాటెను. కాని జూన్ మొదటివారమునకు డన్కర్క్ తీరమునుండి మూడు లక్షల ముప్పదియెనిమిది వేలమంది సైనికులు ప్రాణములతో బయటపడినను, వారి ఆయుధములలో అధికభాగము ఫ్రాన్సులోనే పడియుండెను. ఉన్న తుపాకులు సేనకే చాలవు; స్వచ్ఛంద భటుల కెక్కడివి? వారు చీపురుకఱ్ఱలతో కవాతు చేసిరి. వేటతుపాకులు భుజాన వేసికొని తిరిగిరి. 1941లో ప్రభుత్వము ఇనుప గొట్టమునకు బాయినెట్టు అతికించిన ఈటెలను లక్షల సంఖ్యలో చేయించెను. హాస్యములో కనబడు ఈటె ఇదియే, కల్పన కాదు.

ఆ దళమునకు 'హోంగార్డు' అను పేరు 1940 జులైలో చర్చిల్ ప్రేరణచే వచ్చెను. మన దేశమున పోలీసులకు తోడుగా నుండు హోంగార్డులతో దానిని కలిపి చూడరాదు. అది దండయాత్ర నెదుర్కొనుటకు ఏర్పడినది. బీహారులోని మోతీహారిలో 1903లో జన్మించిన రచయిత జార్జి ఆర్వెల్ లండనులో ఈ దళమున సార్జెంటుగా పనిచేసెను. కాలక్రమమున వీరికి మంచి ఆయుధములు లభించెను; విమాన విధ్వంసక ఫిరంగులను కూడ వీరు నడిపిరి. ఎదురుచూచిన దండయాత్ర రాలేదు. 1944 డిసెంబరులో వీరిని విధులనుండి తప్పించిరి. అయినను విధినిర్వహణలో వెయ్యిమందికి పైగా మరణించిరి. నవ్వుచు చూచువారు ఈ సంఖ్యను మరువరాదు.

ఈ దళమును గూర్చి జిమ్మీ పెర్రీ, డేవిడ్ క్రాఫ్ట్ అనువారు వ్రాసిన 'డాడ్స్ ఆర్మీ', అనగా 'నాన్నల సైన్యము', 1968 జులై 31వ తేదీనుండి 1977 నవంబరు వరకు ఎనుబది భాగములుగా బి.బి.సి. టెలివిజనులో ప్రసారమయ్యెను. పెర్రీ బాల్యమున తానే హోంగార్డు. జాతి అత్యంత సంకటములో నున్ననాటి వీరులను పరిహసించుట తగునా యని బి.బి.సి. అధికారులలో కొందరు మొదట శంకించిరి. కాని ఆ వీరులే తమ్ము తాము చూచుకొని మురిసిరి.

అందలి హాస్యము సగము బ్రిటిషు వర్గభేదముపై ఆధారపడినది. వాల్మింగ్టన్ అను కల్పిత తీరగ్రామమున బ్యాంకు మేనేజరగు మేన్‌వరింగ్ దళమునకు కెప్టెను. అతని బ్యాంకులో గుమాస్తాయగు విల్సన్ సార్జెంటు. మేనేజరు క్రిందినుండి కష్టించి పైకి వచ్చినవాడు. గుమాస్తా కులీనుడు, గొప్ప పాఠశాలలో చదివినవాడు, మృదుభాషి. పదవి యొకరిది, పుట్టుక వేరొకరిది. ఆజ్ఞాపించునప్పుడెల్ల మేన్‌వరింగునకు ఆ సంగతి ముల్లువలె గ్రుచ్చుకొనును. కచేరీలలో పనిచేసినవారికి ఈ జంట కొత్తది కాదు. వీధులలో కేకలు వేయు కూరగాయల వర్తకుడు హాడ్జెస్ వైమానిక దాడుల వార్డను. రాత్రివేళ వెలుతురు పొక్కినచో శత్రువిమానములకు గుఱి దొరకునని శాసనమే యుండెను. కోటు లోపల మేజోళ్లు, విస్కీ దాచి అమ్ము వాకర్ దొంగబజారునకు ప్రతినిధి. 1940 జనవరిలో మొదలైన రేషను 1954 జులై వరకు సాగెను. కావున అతడు పాత్రయే కాదు, ప్రతి గృహిణికిని పరిచితుడు.

దళములో వృద్ధుడు, మృదుస్వభావుడు గాడ్‌ఫ్రీ. అప్పుడప్పుడు విరామమునకై వినయముగా అనుమతి వేడుకొను ఈ ముదుసలిని చూచి ప్రేక్షకులు నవ్వుదురు. 1969లో ప్రసారమైన ఒక భాగమున, మొదటి యుద్ధములో తాను అంతరాత్మ ప్రబోధముచే ఆయుధము పట్టలేదని అతడు ఒప్పుకొనును. అప్పటివరకు ఆప్తులైనవారు అతనిని వెలివేయుదురు. పిదప నిజము తెలియును: చంపుటకు నిరాకరించినవాడు వైద్యదళమున చేరి, సొమ్ము యుద్ధభూమిలో గుండ్ల వర్షమున క్షతగాత్రులను మోసికొని వచ్చి శౌర్యపతకము పొందినవాడు! 1916లో నిర్బంధ సైనికసేవా శాసనము వచ్చినపుడు సుమారు పదునారు వేలమంది బ్రిటిషువారు ఇట్లే నిరాకరించిరి. వారిలో అనేకులు చెఱసాలల పాలైరి. బోయరు యుద్ధమున క్షతగాత్రుల సేవకై దళమును నిర్మించిన గాంధీజీ దేశమున ఈ కథ సులభముగా అర్థమగును.

దీనికి మించిన విశేష మొకటి కలదు. గాడ్‌ఫ్రీ వేషము వేసిన ఆర్నాల్డ్ రిడ్లీ 1916లో సొమ్ము యుద్ధమున నిజముగనే పోరాడి తీవ్రముగా గాయపడినవాడు. అతని యెడమచేయి మరల పూర్తిగా స్వాధీనము కాలేదు. 'కంగారు పడవద్ద'ని అఱచుచు తానే కంగారుపడు కార్పొరల్ జోన్స్ పాత్రధారి క్లైవ్ డన్ 1941లో గ్రీసులో పట్టుబడి, నాలుగేండ్లు ఖైదీగా నుండెను. నవ్వించినవారే దెబ్బలు తిన్నవారు. ఆ హాస్యమునకు అధికారము అచ్చట లభించెను.

సొమ్ము పేరు వినినంతనే బ్రిటిషువారి మనస్సు కలగును. 1916 జులై 1వ తేదీ నొక్కదినముననే వారి సేనలో 57,470 మంది నష్టపడిరి. అందు 19,240 మంది మృతులు. 1989లో ప్రసారమైన 'బ్లాకాడర్' నాల్గవ భాగమాలకు పునాది ఈ స్మృతియే. రోవాన్ అట్కిన్సన్ ప్రధాన పాత్రధారిగా ఆరు వారములు కందకములలో సాగిన ఆ పరిహాసము, చివర అందరును కందకము దాటి తుపాకులకు ఎదురుగా పరుగిడుటతో ఆగిపోవును. మృతభూమి మెల్లగా ఎఱ్ఱని గసగసాల పూలచేనుగా మారును. సేనాపతు లందరును మూర్ఖులను భావమును ఇది నాటినదని 2014లో బ్రిటిషు విద్యామంత్రి మైకేల్ గోవ్ ఆక్షేపింపగా పెద్ద వాగ్వాదము చెలరేగెను. చరిత్రకారుల లెక్కలో డెబ్బదిమందికి పైగా బ్రిటిషు జనరలులు ఆ యుద్ధమున ప్రాణములు కోల్పోయిరి. 1918లో జయించినదియు ఆ సేనాపతులే. కావున హాస్యము సత్యములో ఒక భాగమును మాత్రమే చెప్పునని గ్రహింపవలెను.

హాస్యము విడిచిపెట్టిన భాగములలో భారతదేశ మొకటి. పెర్రీ, క్రాఫ్టులే 1974 మొదలు 1981 వరకు నాసిక్ చెంతనున్న దేవ్‌లాలీ శిబిరమును గూర్చి వేరొక హాస్యమాల నడిపిరి. పెర్రీ అచ్చట సైనికుల వినోదబృందమున పనిచేసినవాడు. స్వదేశమునకు ఓడకై అచ్చట వేచి వేచి సిపాయిలకు మతి చలించెడిదట; ఆ యూరిపేరు నేటికిని ఆంగ్లమున పిచ్చికి పర్యాయముగా నున్నది. కాని అందు ముఖ్యమైన భారతీయ సేవకుని వేషమును, ఝాన్సీలో పుట్టిన మైకేల్ బేట్స్ అను శ్వేతజాతి నటుడు ముఖమునకు రంగు పూసికొని ధరించెను. తరువాతి కాలమున బి.బి.సి. దానిని పునఃప్రసారము చేయుటకు వెనుకాడెను. పాలితుని చూచి పాలకుడు నవ్విన నవ్వు, తన్ను చూచి తాను నవ్విన నవ్వువలె నిలువలేదు.

డన్కర్క్ తీరమున కంచరగాడిదల దళములతో భారతీయ సైనికులు కొన్ని వందలమంది యుండిరి. రెండవ యుద్ధమున ఇరువదియైదు లక్షలమంది భారతీయులు సేనలో చేరిరి. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేయగా, భీతిల్లిన జనులు విశాఖను విడిచి లోపలి గ్రామములకు తరలిరి. రేషను పుస్తకముపై లండను నవ్వుచుండిన 1943లో వంగదేశమున లక్షలాది జనులు ఆకలికి మరణించిరి. వారికి రేషను పుస్తకమైనను లేకపోయెను. వాల్మింగ్టన్ గ్రామములో ఈ వార్త వినబడదు.

అయినను ఆ హాస్యమును నిరసింపనక్కరలేదు. శత్రువును ద్వేషించుట సులభము. ఆపదలో తన బలహీనతను తాను చూచి నవ్వుట కష్టము. బ్రిటిషు ప్రజలు ఆ కష్టమైన పనిని చేసిరి. విరామము వేడుకొను గాడ్‌ఫ్రీని చూచి నవ్వుచునే, స్వాధీనములేని ఆ యెడమచేతిని కూడ చూడగలిగిన ప్రేక్షకుడు, అతడు ఏ దేశమువాడైనను, ఆ హాస్యమును సరిగా చూచినవాడగును.