తుపాకియు, ఓటును

ప్రజాస్వామ్యమునకును హింసకును పొత్తు కుదరదని పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే. కాని అది సగము నిజము. ఆయుధము విడువుడని ప్రజలను కోరు ప్రభుత్వము వారి మొర వినుటకు ఒక ద్వారము తెరచియుంచవలెను. తెలంగాణ చరిత్రలో 1946 నుండి 1952 వరకు గడచిన కాలము దీనికి నిదర్శనము.

నిజాము రాజ్యమున సామాన్య రైతు మాటకు పాలనలో చెల్లుబడి లేకుండెను. వెట్టిచాకిరియు, దేశముఖుల దౌర్జన్యమును పల్లెలను పీడించుచుండెను. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుష్యుల కాల్పులకు దొడ్డి కొమరయ్య బలియయ్యెను. అంతవరకు కర్రలు, వడిసెలలు పట్టినవారు, రజాకార్ల ఆగడములు పెరిగిన కొలది తుపాకులు చేపట్టిరి.

1948 సెప్టెంబరులో నిజాము లొంగిపోయెను. రజాకార్ల పీడ విరగడయ్యెను. అయినను పోరు ఆగలేదు. మొదట జనరల్ చౌదరి మిలిటరీ గవర్నరుగను, 1950 నుండి ఐ.సి.యస్. అధికారి వెల్లోడి ముఖ్యమంత్రిగను పాలించిరి. వారు ప్రజలెన్నుకొన్నవారు కారు. ఒకవైపు దళముల తుపాకులు, మరొకవైపు సైన్యపు గాలింపులు. నడుమ నలిగినది పల్లెటూరి సంసారము.

అయితే ఆ రోజులలోనే 1949లో జాగీర్లు రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టము వచ్చినది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు వినోబాభావేను 80 ఎకరములు అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములిచ్చెదనని లేచెను. అదియే భూదానమునకు నాంది. అదే సంవత్సరము అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటమును విరమించెను.

తరువాత వచ్చిన మొదటి సాధారణ ఎన్నికలలో, ఆ పోరాట నాయకులలో ఒకరైన రావి నారాయణరెడ్డి ప్రజాస్వామిక కూటమి పక్షమున నల్లగొండ నుండి లోకసభకు నిలిచెను. ఆయనకు 3,09,162 ఓట్లు లభించినవి. అది రెండు స్థానముల నియోజకవర్గమే యైనను, నెహ్రూకు సైతము అన్ని ఓట్లు రాలేదు. నిన్న ప్రభుత్వముపై తిరుగబడిన పక్షము నేడు ప్రభుత్వమును శాసనసభలో ప్రశ్నించెను. 1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావు ప్రజలెన్నుకొన్న ముఖ్యమంత్రియయ్యెను.

ఓటు వచ్చినంతనే హింస శాశ్వతముగ తొలగునా? తొలగదని శ్రీకాకుళము తెలిపినది. అక్కడి గిరిజనులకు ఓటుండెను. వారి భూములను కాపాడుటకు 1959 నాటి నిబంధనయు ఉండెను. అయినను భూములు పరుల పాలగుచుండెను. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద ఇద్దరు గిరిజనులు కాల్పులలో మరణించిరి. ఏజెన్సీ కొండలలో మరల తుపాకి మ్రోగినది. ఉభయపక్షములను ప్రాణములు పోయినవి. ఆ నిబంధన 1970లో గాని కట్టుదిట్టము కాలేదు.

హింసకు ప్రజాస్వామ్యమున స్థానము లేదు. కాని ఆ మాట పలుకు అధికారము, ఓటును గౌరవించి, చేసిన చట్టమును పల్లె గుమ్మము దాక చేర్చిన ప్రభుత్వమునకే నిండుగ చెల్లును.