పాపానాయుడుపేట పూసలు, మన ఇంటి ముడులు



చాలా రోజులకి కనిపించినవాళ్ళని "ఏమండీ, నల్లపూసైపోయారే" అని పలకరిస్తాం. ఆ నల్లపూసనే తమిళంలో కరుగమణి అంటారు, ఇక్కడ కన్నడంలో కరిమణి అంటారు. నేను చదివింది తమిళ మీడియం, కాపురం హొసకోటెలో, కాబట్టి మూడు పేర్లూ నోటికొస్తాయి. పేర్లు మూడైనా పెళ్ళిలో మెడకీ, దిష్టి తగలకుండా పసిపిల్లల చేతికీ కట్టేది ఆ చిన్న పూసే. మన ఆడవాళ్ళు ఇళ్ళలో ముడులు వేసి పూసల కంకణాలు అల్లుతున్నారు. అందుకే ఈసారి ఈ పూస కథ రాస్తున్నాను.

మన హొసకోటె నుంచి కోలారు, ముళబాగిలు, చిత్తూరు మీదుగా తిరుపతి దాటితే ఏర్పేడు వస్తుంది. రైల్లో అయితే రేణిగుంట, శ్రీకాళహస్తి మధ్య స్టేషన్. ఆ మండలంలోదే పాపానాయుడుపేట. గాజుపూసలకి పేరున్న ఊరు.

అక్కడి పద్ధతి చూడండి. కొలిమిలో కరిగిన గాజు ముద్దని లాడా అనే పొడవైన ఇనుప గొట్టానికి పట్టిస్తారు. ముద్ద మధ్యలో బోలు చేసి, దాని కొన నుంచి సన్నటి గాజు గొట్టాన్ని గంటల తరబడి చేత్తో లాగుతూనే ఉంటారు. పూసకి బెజ్జం తర్వాత వేసేది కాదు, ఆ గొట్టంలోని బోలే బెజ్జం. గొట్టాలని కట్టగా పట్టి పదునైన ఇనుప అంచు మీద చిన్న ముక్కలుగా కొడతారు. బెజ్జాలు పూడిపోకుండా బూడిద కలిపి, మళ్ళీ వేడి చేస్తూ కలియబెడితే అంచులు గుండ్రంగా వస్తాయి.

అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ఈ ఊరి పనిని దగ్గరగా చూశాడు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రెండు వేల ఏళ్ళ కిందటి పూసల పనికి ఇది వారసత్వమని ఆయన వాదన. అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు చేశాడు. ఇలా లాగి చేసిన చిన్న పూసలు తూర్పు ఆఫ్రికా నుంచి కొరియా, జపాన్ వరకు దొరికాయి. వాటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరు పెట్టింది ఫ్రాన్సిసే. అన్నీ మన దగ్గర చేసినవే అనుకోకూడదు. శ్రీలంకలోని మాంతాయిలో, వియత్నాంలోని ఓక్ ఎయోలో కూడా చేసేవారు.

ఇంత దూరం వెళ్ళిన పూస మీద చేసినవాడి పేరుండదు. ఊరూరా గంపలో పూసలు, కుంకుమ, సూదులు తెచ్చి అమ్మిన పూసలవాళ్ళని మనం గుమ్మం బయటే నిలబెట్టి బేరమాడాం. పూసకి మంగళసూత్రం పక్కన చోటిచ్చాం. చేసినవాళ్ళకీ అమ్మినవాళ్ళకీ మన చరిత్రలో ఆ చోటు ఇవ్వలేదు. ఈ మాట నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది.

ఇక కంకణం సంగతి. మణికట్టు కొలతకి నాలుగింతలు నూలు దారం తీసుకుని మైనం పట్టించండి. పూస ఎక్కించి, ముడి వదులుగా వేసి, ముడిలో సూది పెట్టి పూసని ఆనేదాకా జరపండి. సూది తీసేసి బిగించండి. ప్రతి పూసకీ ఇలాగే. దారం తెగినా ఒక్క పూసే రాలుతుంది, మిగతావి ముడుల మధ్య నిలుస్తాయి. చివర జారుముడి వేస్తే చేతికి తగ్గట్టు సర్దుకోవచ్చు. పసిపిల్లలకి కడితే మాత్రం నోట్లో పెట్టుకోకుండా కనిపెట్టుకుని ఉండాలి.

కొనేటప్పుడు ప్లాస్టిక్‌దా, గాజుదా, ఎక్కడ చేసిందని అంగట్లో అడగండి. అడిగేవాళ్ళుంటేనే చేసేవాళ్ళుంటారు. మీ ఇంటి పెద్దవాళ్ళు నల్లపూసలు ఎవరి దగ్గర కొనేవారో, ఎవరు గుచ్చేవారో కనుక్కుని ఇక్కడ రాయండి. తెలుగు, తమిళం, కన్నడం, ఏ భాషలో రాసినా సరే, నేను చదువుతాను.