కాలువలు కట్టేసిన నెలలు: గోదావరి తూర్పు డెల్టాలో తెరచాప పడవల మరమ్మతు

గోదావరి తూర్పు డెల్టాలో సరుకు పడవల పని కాలువ నీటితో మొదలై, ఆ నీటితోనే ఆగేది. ఏటా ఎండలు ముదిరాక ధవళేశ్వరం దగ్గర తలుపులు దించి కాలువలు కట్టేసేవారు. పూడిక తీయడానికి, గట్లు పటిష్ఠం చేయడానికి, లాకులు బాగుచేయడానికి ఆ రోజులే అదను. రామచంద్రపురం, ఆలమూరు, మండపేట ప్రాంతాల్లో తిరిగే పడవలన్నీ ఒక్కసారిగా రేవుల్లో నిలిచిపోయేవి. తొలకరికి నీళ్లు వదిలేలోగా వాటిని మళ్లీ ప్రయాణానికి సిద్ధం చేసుకోవాలి. పడవ మరమ్మతు ఒక్కో యజమాని తీరికను బట్టి కాకుండా, రేవంతా ఒకే కాలంలో చేసే పనిగా స్థిరపడడానికి కారణం ఇదే.

ఈ కాలువలకు మూలం ధవళేశ్వరం ఆనకట్ట. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో పని మొదలై 1852కి పూర్తయింది. కాటన్ పేరు చెప్పగానే అందరికీ వరిచేలు గుర్తొస్తాయి గాని, ఆయన కాలువను సాగునీటి దారిగా ఎంత చూశాడో, రవాణా దారిగానూ అంతే చూశాడు. దేశానికి రైళ్లకన్నా జలమార్గాలే చవక అని జీవితాంతం వాదించాడు. అందుకే పెద్ద కాలువల్లో నీరు పల్లానికి దిగే చోటల్లా పడవలు దాటేలా లాకులు కట్టారు. కాకినాడలో బయలుదేరిన పడవ ధవళేశ్వరం చేరి, గోదావరి దాటి, ఏలూరు కాలువలో బెజవాడకు, అక్కడి నుంచి కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాకా పోగలిగేది. 1890లో మద్రాసు ప్రభుత్వం కాలువలు, రేవుల మీద ప్రత్యేక చట్టమే చేసింది. కాలువలో తిరిగే పడవకు లైసెన్సు, రుసుము ఆ చట్టం కిందకే వచ్చాయి.

కాలువ పడవ వెడల్పైనది, అడుగు చదునైనది. లోతు తక్కువ నీటిలోనూ ధాన్యం బస్తాలతో తేలాలి కనుక ఆ తీరు తప్పదు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. గాలి పడిపోతే తెరచాప కొయ్యకు కట్టిన తాడును గట్టు మీద నడుస్తూ మనుషులు లాగేవారు. రెండూ కుదరని చోట గడ వేసేవారు. వంతెన వచ్చినప్పుడల్లా కొయ్యను వంచి పడుకోబెట్టి, దాటాక మళ్లీ నిలబెట్టాలి. కాబట్టి ఏడాది తిరిగేసరికి అన్నిటికన్నా ముందు అరిగేవి కొయ్య మొదలు, దాన్ని పట్టి ఉంచే తాళ్లే. తాడు పట్టి లాగిన మనుషుల భుజాలు కూడా అలాగే అరిగేవి. డెల్టా సిరి గురించి రాసిన పుస్తకాల్లో వారి ప్రస్తావన కొద్దిగానే కనిపించడం న్యాయం కాదు.

కాలువ కట్టేశాక మొదటి పని పడవను ఖాళీ చేసి, గట్టుకు చేర్చి, కింద దుంగలు పెట్టి నిలబెట్టడం. అడుగున పేరుకున్న బురద, నాచు గీకేశాక గాని చెక్క అసలు స్థితి తెలియదు. వడ్రంగి చిన్న సుత్తితో పలకను వరసగా తట్టుకుంటూ పోతాడు. గట్టి చెక్క ఖంగుమంటుంది, లోపల పుచ్చిన చెక్క బొదబొదమంటుంది. పుచ్చినంత మేర కోసి, కొత్త ముక్కను బాడిసతో చెక్కి, పాత అంచుకు సరిగ్గా కూర్చాలి. టేకు ఎగువ మన్యం నుంచి గోదావరిలో తెప్పలుగా రాజమండ్రి అడితులకు దిగేది. పలకలను లోపలి నుంచి పట్టి ఉంచే వంపు కొయ్యలకు తుమ్మ వాడేవారు. కొమ్మ సహజంగా తిరిగిన వంపునే ఎంచుకుంటే చెక్క నార తెగదు, ఎంత బరువైనా ఓర్చుకుంటుంది. తుప్పు పట్టిన చీలలు పీకి కమ్మరి కొలిమికి పంపేవారు.

తర్వాతిది పలకల సందులు మూసే పని. ఇక్కడ తొందరపడితే ఏడాదంతా పడవలో నీళ్లు తోడుకోవలసి వస్తుంది. సందులోని పాత నార మొత్తం లాగేసి, కొబ్బరి నారో పత్తో పేనిక చేసి ఉలితో కూరుతారు. దాని మీద గుగ్గిలం నూనెతో కాచిన ముద్ద పట్టిస్తారు. వదులుగా కూరితే నీరు కారుతుంది, మరీ బిగించి కూరితే నీటిలో చెక్క ఉబ్బినప్పుడు పలక విడుతుంది. ఆ మోతాదు చేతికి అలవాటు కావలసిందే. బయట తారు, లోపల నూనె పూత పడ్డాక, నీళ్లు వదలడానికి కొద్ది రోజుల ముందు పడవ లోపలే నీళ్లు పోసి ఉంచేవారు. రోహిణి ఎండకు కుంచించుకుపోయిన పలకలు ఆ తడికి ఉబ్బి ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఎక్కడైనా చెమ్మ బయటికి ఊరితే అక్కడ బొగ్గుతో గుర్తు పెట్టి మళ్లీ కూరుతారు. కాలువలో నీరు పారేసరికి చిరుగులు కుట్టిన తెరచాప, కొత్త మోకులు, చుక్కాని సిద్ధంగా ఉండాలి.

రామచంద్రపురానికి తూర్పున, ద్రాక్షారామం దాటి యానాం, తాళ్లరేవు వైపు పోతే నీటి తీరు మారినట్టే పడవల పంచాంగమూ మారేది. సముద్రంలో తిరిగే ఓడలకు భయం ఎండాకాలం కాదు, తుపానుల కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలోకి పోవడం ప్రాణాలతో చెలగాటం. 1789లోను, 1839 నవంబరులోను కోరంగిని ముంచిన ఉప్పెనలు ఆ సంగతి నేర్పాయి. కోరంగి ఉపద్రవాన్ని పరిశీలించిన హెన్రీ పిడింగ్‌టన్, అలాంటి గాలివానకు 1848లో ‘సైక్లోన్’ అని పేరు పెట్టాడు.

1839 ఉప్పెనకు ముందు కోరంగి ఓడల మరమ్మతుకు దూర దేశాల దాకా పేరుమోసిన రేవు. 1802లో ఇక్కడ ఓడలకు డాక్ కట్టే పని తలపెట్టారు. రాతి డాక్ లేని చోట మట్టి గుంటే డాక్. పెద్ద పోటు నాడు ఓడను ఏటి ఒడ్డున తవ్విన గుంటలోకి తెచ్చి, మూతికి మట్టికట్ట వేసి, ఆటు వేళ నీరు తోడేసేవారు. పని ముగిశాక మరో పెద్ద పోటు చూసుకుని కట్ట తెంచితే ఓడ తేలేది. ఉప్పునీటిలో చెక్కను తొలిచే పురుగు ఉంటుంది కనుక ఈ ఓడల అడుగుకు పూతలు కాలువ పడవలకన్నా మందంగా వేయాలి. కోరంగి మట్టి పూడి రేవుగా క్షీణించాక ఆ పనితనం తాళ్లరేవులో నిలిచింది. అక్కడి తెరచాప ఓడలు రంగూన్‌కు వ్యాపారం చేశాయి. బర్మాలో తెలుగువారందరినీ ‘కోరంగీలు’ అనడం ఆ రాకపోకల వల్లే. లోతు చాలక పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసే కాకినాడ రేవులో సరుకు మోసే చిన్న ఓడలకూ ఇలాంటి మరమ్మతు తప్పేది కాదు.

కాలువ పడవ ఒక్కరోజులో పోలేదు. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన వచ్చాక దూరపు సరుకు రైలెక్కింది. 1928లో కాకినాడ నుంచి రామచంద్రపురం మీదుగా కోటిపల్లికి రైలు వేశారు గాని, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దాని పట్టాలు పీకేశారు. ఆ దారిలో మళ్లీ రైలు నడవడానికి 2004 దాకా ఆగవలసి వచ్చింది. కాలువ పడవను అసలు దెబ్బ తీసింది లారీ. లారీకి కాలువ కట్టేసే నెలలు లేవు, గాలి కోసం ఎదురుచూడడం లేదు, సరుకు కొట్టు గుమ్మం ముందే దించుతుంది. పడవలు పోయాక, వాటి మరమ్మతు మీదే బతికిన వడ్రంగులు తలుపులు, మంచాలు, బండిచక్రాల పనిలోకి వెళ్లారు. 2008లో కాకినాడ-పుదుచ్చేరి కాలువల మార్గాన్ని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించినా, తూర్పు డెల్టా కాలువల్లో ధాన్యం పడవలు తిరిగి రాలేదు.

మరమ్మతు రుతువు మాత్రం సముద్రం ఒడ్డున మిగిలింది. చేపల సంతానోత్పత్తి కోసం తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటను నిషేధిస్తున్నారు. అంతకు ముందు నిషేధం ఇంతకన్నా తక్కువ రోజులే ఉండేది. నిషేధం రోజులకు రాష్ట్ర ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు ఇచ్చే భృతి 2019లో 10,000 రూపాయలు, 2025లో 20,000 రూపాయలు. కాకినాడ, భైరవపాలెం రేవుల్లో బోట్లు ఒడ్డుకెక్కేది నిషేధ కాలంలోనే. తెరచాప బదులు ఇంజను, గుగ్గిలం బదులు రసాయన జిగురు, చాలా చోట్ల చెక్క బదులు ఫైబరు వచ్చాయి. చెక్క బోటు ఉన్న చోట మాత్రం వడ్రంగి ఇప్పటికీ పలకను తట్టి చూసే పుచ్చు పట్టుకుంటాడు. నిషేధం గడువు దగ్గరపడే కొద్దీ ఇంజను విప్పి బిగించడం, వలలు అల్లడం, మంచు పెట్టెలు కడగడం, అడుగుకు రంగు వేయడం ఒకేసారి నడుస్తాయి. జూన్ 14 అర్ధరాత్రి దాటాక బోట్లు వేటకు కదులుతాయి.