మధుర పాదం: ఒక పేరు, రెండు రోగాలు

మధుర అనగానే మన సాహిత్యం చదివినవారికి నాయకరాజుల కొలువు, దక్షిణాంధ్ర వాఙ్మయం గుర్తుకు వస్తాయి. వైద్యవిద్యార్థికి మాత్రం వాచి, గడ్డలు కట్టి, చిల్లులు పడిన ఒక పాదం కళ్ళముందు నిలుస్తుంది. వైద్యగ్రంథాలలో మదురా ఫుట్ అని స్థిరపడిన ఆ రోగాన్ని నేనిక్కడ మధుర పాదమని వ్యవహరిస్తాను. శిలీంధ్రాలు, అంటే బూజు, పుట్టగొడుగుల జాతి, మనిషికి శత్రువులెలా అవుతాయో చెప్పడానికి ఇంతకంటే మంచి కథ నాకు తెలియదు. అందులోనూ నన్ను ఎక్కువగా ఆకర్షించింది దాని శాస్త్రీయనామం తెచ్చిపెట్టిన చిక్కు.

చెప్పులు లేకుండా పొలంలో నడిచేవాడికి తుమ్మముల్లు గుచ్చుకుంటుంది. ముల్లుతో పాటు మట్టిలోని సూక్ష్మజీవి చర్మం కిందికి చేరుతుంది. నెలలో, ఏళ్ళో గడిచాక చిన్న కణితి లేస్తుంది. నొప్పి ఉండదు గనుక ఎవరూ పట్టించుకోరు. క్రమంగా పాదమంతా ఉబ్బి, రంధ్రాలు తెరుచుకొని, చీముతో పాటు ఇసుక వంటి గింజలు రాలుతాయి. చివరికి ఎముక తినివేయబడుతుంది. సుశ్రుతసంహిత క్షుద్రరోగాలలో వల్మీకమని ఒకదానిని చెప్పింది. అరచేతులు, అరికాళ్ళు, కీళ్ళు, మెడ వంటి చోట్ల పుట్టలాగా పెరిగి, అనేక ముఖాల స్రవించే గ్రంథి అది. రెండూ ఒకటేనని పట్టుబట్టడం నా అభిమతం కాదు గాని, పుట్ట అన్న పోలిక ఎంత చక్కగా కుదిరిందో ఆ పాదాన్ని చూసినవారు ఒప్పుకుంటారు.

ఆధునిక వైద్యులలో 1842లో గిల్ అనే ఆయన మధుర వైద్యశాల నివేదికలో దీనిని వర్ణించాడు. 1846లో కోల్‌బ్రుక్ దానికి ఊరి పేరు తగిలించాడు. అదే సంవత్సరం దత్తమండలాలలోని బళ్ళారి నుండి గాడ్‌ఫ్రే ఇటువంటి రోగులను గురించి లాన్సెట్ పత్రికకు వ్రాశాడు. కనుక ఈ అపకీర్తిలో బళ్ళారికీ వాటా రావలసింది, మధుర ఒక్కటే మోసింది.

ఇక అసలు కథానాయకుడు హెన్రీ వాండైక్ కార్టర్. 1858లో వెలువడిన గ్రేస్ అనాటమీలోని బొమ్మలన్నీ ఈయన గీసినవే. ముఖపత్రం అచ్చుప్రతిలో గ్రే మహాశయుడు కార్టర్ పేరును చిన్న అక్షరాలలోకి మార్పించాడు. పుస్తకం అమ్మకాలలో కార్టర్‌కు భాగమూ లేదు. ఆయన అప్పటికే బొంబాయి చేరి గ్రాంట్ వైద్యకళాశాలలో పాఠాలు చెప్పుకుంటున్నాడు. అక్కడ కోసివేసిన పాదాలను చీల్చి పరిశీలించి, గింజలను సూక్ష్మదర్శిని కింద పెట్టి, 1860లో ఇది శిలీంధ్రవ్యాధి అని ప్రకటించాడు. దానికి మైసిటోమా అని పేరు పెట్టాడు. శిలీంధ్రపు కణితి అని దాని అర్థం.

ఆ రోజులలో ఇది సాహసమేమీ కాదు. సూక్ష్మక్రిమి అనగానే మనకు ఇప్పుడు బాక్టీరియా తోస్తుంది గాని, మొదట పట్టుబడిన దోషులలో శిలీంధ్రాలే ముఖ్యమైనవి. 1835లో ఇటలీలో బస్సీ పట్టుపురుగుల తెగులుకు ఒక శిలీంధ్రం కారణమని చూపాడు. 1839లో షోన్‌లైన్ మనిషి తలమీది ఒక చర్మవ్యాధిలో శిలీంధ్రాన్ని గుర్తించాడు. కోచ్ ఆంత్రాక్స్ క్రిమిని నిరూపించింది 1876లో మాత్రమే.

కార్టర్ భద్రపరచిన ఒక పాదం మీద ఎర్రటి బూజు పట్టింది. బర్క్లీ అనే ప్రసిద్ధ శిలీంధ్రవేత్త దానికి కార్టర్ పేరు కలిపి నామకరణం చేశాడు. దొంగ దొరికాడని కొంతకాలం అందరూ సంతోషించారు. తరువాత చూస్తే అది దారిన పోయే బూజు. రోగంతో దానికి సంబంధమే లేదు. శవం దగ్గర నిలబడ్డవాడల్లా హంతకుడు కాడు కదా!

అయితే కార్టర్ కన్ను గొప్పది. గింజలలో నల్లనివీ, పాలిపోయినవీ రెండు రకాలున్నాయని ఆయన గమనించాడు. నల్లగింజ నిజంగా శిలీంధ్రమే. దాని ముఖ్యజాతికి 1905లో బ్రూంప్ట్ మధుర పేరుమీదనే మదురెల్లా అని పేరుపెట్టాడు. పాలిపోయిన గింజలలో మాత్రం చాలావాటికి కారణం పోగులుగా పెరిగే బాక్టీరియా. 1894లో విన్సెంట్ అటువంటి దానిని విడదీసి పెంచాడు. 1913లో పినోయ్ ఈ రెండు వర్గాలను స్పష్టంగా వేరుచేశాడు. అప్పటికి పేరు పాతుకుపోయింది. బాక్టీరియా వలన కలిగినదానిని కూడా నేటికీ మైసిటోమా అనే అంటున్నాం.

పేరుదేముంది అనుకోవచ్చు. కాని కాలు నిలవడం, పోవడం ఇక్కడే తేలుతుంది. బాక్టీరియా కణం మన కణానికి చాలా దూరపు నిర్మాణం గనుక దానిని మాత్రమే దెబ్బతీసే మందులు అనేకం ఉన్నాయి. శిలీంధ్రం అలా కాదు. మొక్కలకంటే జంతువులకే దగ్గరి చుట్టం. కణంలో మనకున్నట్లే కేంద్రకం ఉంటుంది, మనలాగే పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. దానిని చంపబోతే మనకూ దెబ్బ తగులుతుంది. తేడాలు కొద్దిగానే ఉన్నాయి. దాని గోడలో రొయ్యపెంకులో ఉండే కైటిన్ ఉంటుంది. మన కణపొరలో కొలెస్టరాల్ ఉన్నచోట దానికి ఎర్గోస్టెరాల్ ఉంటుంది. ఎక్కువ మందులు ఈ ఎర్గోస్టెరాల్ సందు వెతుక్కొని దూరినవే.

1950లో హేజెన్, బ్రౌన్ అనే ఇద్దరు అమెరికన్ మహిళలు ప్రకటించిన నిస్టాటిన్, తరువాత వచ్చిన ఆంఫోటెరిసిన్ రెండూ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా తయారుచేసినవి. ఆ స్ట్రెప్టోమైసిస్ కుటుంబంలోనే మధుర పాదం కలిగించే జాతి కూడా ఒకటున్నది! 2021లో కోవిడ్ రోగులకు మ్యూకర్ సోకినప్పుడు మనదేశంలో కొరత ఏర్పడింది ఈ ఆంఫోటెరిసిన్‌కే. పత్రికలు దానిని బ్లాక్ ఫంగస్ అన్నాయి. అక్కడ నల్లబడేది చచ్చిన కండ. నిజంగా నల్లని శిలీంధ్రం మదురెల్లా.

బాక్టీరియా రకానికి సరైన యాంటీబయాటిక్స్ కొన్ని నెలలు వాడితే చాలామంది కాళ్ళు దక్కుతాయి. శిలీంధ్రరకానికి ఇట్రాకొనజోల్ వంటివి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి మింగి, పైగా శస్త్రచికిత్స చేయించుకోవాలి. అప్పటికీ తిరగబెట్టడం, కాలు తీసివేయడం ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని నిర్లక్ష్యానికి గురైన రోగాల జాబితాలో చేర్చింది 2016లో, కార్టర్ పేరు పెట్టిన 156 ఏళ్ళకు. గింజలను పట్టడానికి మాత్రం పుండుమీద రాత్రంతా గుడ్డకట్టు ఉంచితే చాలు. తెల్లవారి విప్పి చూస్తే, నల్లనివైతే శిలీంధ్రం. తెల్లనివో పసుపువో అయితే ప్రయోగశాలకు పంపవలసిందే.