టెలోమియర్ జన్యుభేదాలు - ఊపిరితిత్తుల క్యాన్సర్

క్రోమోజోము కొసల్లో ఒకే డీఎన్ఏ అక్షరక్రమం వందల, వేల సార్లు మళ్లీ మళ్లీ వచ్చే భాగం టెలోమియర్. కణం విభజన చెందినప్పుడల్లా ఇది కొంత తరుగుతుంది. బాగా తరిగాక కణం విభజన మానుతుంది. ఆ తరుగును పూడ్చేది టెలోమరేజ్ ఎంజైము. టెలోమియర్లు, టెలోమరేజ్‌పై చేసిన పరిశోధనకు ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కెరోల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ దక్కింది. పొడవైన టెలోమియర్ దీర్ఘాయువుకు గుర్తని చాలామంది నమ్ముతారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ దగ్గర ఆ నమ్మకం నిలవదు.

5వ క్రోమోజోముపై టెలోమరేజ్‌కు సంబంధించిన టెర్ట్ జన్యువు దగ్గర ముప్పు పెంచే భేదాలున్నాయని 2008లో తేలింది. తర్వాత ఆ సంబంధం ముఖ్యంగా అడినోకార్సినోమా రకంలో, పొగతాగని తూర్పు ఆసియా స్త్రీలలో కూడా కనిపించింది. జన్యురీత్యా టెలోమియర్ ఒక ప్రామాణిక విచలనం మేర పొడవుగా ఉంటే అడినోకార్సినోమా అవకాశం సుమారు 3 రెట్లవుతుందని 2017లో ఒక అంతర్జాతీయ బృందం అంచనా కట్టింది. స్క్వామస్ రకంలో మాత్రం స్పష్టమైన సంబంధం దొరకలేదు. పొడవైన టెలోమియర్ ఉన్న కణం ఎక్కువ కాలం విభజన చెందుతుంది, ఆ మేరకు ఉత్పరివర్తనాలు పోగుపడే వ్యవధి పెరుగుతుంది. రోగుల రక్తంలో టెలోమియర్లు పొట్టిగా ఉన్నాయని చెప్పిన అధ్యయనాల మాటేమిటంటే, వయసు, పొగ, జబ్బు, చికిత్స అన్నీ వాటిని తరిగేలా చేస్తాయి. అక్కడ జబ్బు ఫలితమే కారణంగా కనిపించి ఉండవచ్చు. పుట్టుకతో వచ్చిన జన్యుభేదానికి ఆ చిక్కు లేదు. అలాగని పొట్టివే మేలనీ కాదు: టెలోమరేజ్ జన్యువుల్లో లోపాలున్న కుటుంబాల్లో ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ (కణజాలం మచ్చకట్టి గట్టిపడే జబ్బు) వస్తుందని 2007లో వెల్లడైంది, ఆ ఫైబ్రోసిస్ కూడా క్యాన్సర్ ముప్పును పెంచేదే.

ఈ జన్యువిజ్ఞానం గాజియాబాద్ జిల్లాలోని వైశాలికి ఏ మేరకు పనికొస్తుంది? ఆ ఊరికి ఒకవైపు ఢిల్లీలోని ఆనంద్ విహార్, మరోవైపు సాహిబాబాద్ పారిశ్రామికవాడ. శీతాకాలపు పొగమంచు పొగతాగనివారి ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది. బయటి వాయుకాలుష్యాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లోనే క్యాన్సర్ కారకమని నిర్ధారించింది. సూక్ష్మధూళి వల్ల పుట్టే వాపు, అప్పటికే ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో ఉత్పరివర్తనమున్న కణాలను కణితి వైపు నెట్టగలదని 2023లో బ్రిటన్ పరిశోధకులు చూపారు. జన్యువు, గాలి ఒకదానికొకటి పోటీ కాదు. మరి టెలోమియర్ పరీక్ష చేయించి ముప్పున్నవారిని వేరుచేయవచ్చు కదా అంటే, ఈ భేదాలు జనంలో చాలా సాధారణం, విడివిడిగా చూస్తే ఒక్కోదాని ప్రభావం స్వల్పం. పైగా లెక్కలు ఎక్కువగా ఐరోపా, తూర్పు ఆసియా జనాభాలవి. భారతీయులకు ఉన్నదున్నట్టు అన్వయించలేం. అందువల్ల వైశాలి వాసికి డబ్బు పెట్టి టెలోమియర్ కొలిపించుకోవడం దండగ. పొగతాగనివారైనా సరే, వారాల తరబడి దగ్గు తగ్గకపోయినా, కళ్లెలో రక్తం కనిపించినా వెంటనే ఛాతీ వైద్యుడికి చూపించుకోవాలి.