మిలోస్ ద్వీప తీరం: సందర్శనల చరిత్ర

గ్రీసు దేశపు సిక్లడీస్ ద్వీప సముదాయంలో నైరుతి అంచున ఉన్న అగ్నిపర్వత ద్వీపం మిలోస్. విస్తీర్ణం సుమారు 150 చదరపు కిలోమీటర్లే అయినా తీరరేఖ అడుగడుగునా రూపు మార్చుకుంటుంది. ఉత్తరాన సరాకినికో వద్ద పచ్చదనం ఎరుగని తెల్లని శిలలు, నైరుతి కొసన క్లెఫ్తికో వద్ద అలలు తొలిచిన గుహలు, తూర్పున పాలియోరేమా వద్ద గంధకపు పసుపు పూసుకున్న చరియలు కనిపిస్తాయి. పర్యాటక రచనలు ఈ వైవిధ్యాన్ని ప్రకృతి సౌందర్యంగానే వర్ణిస్తాయి. ఇక్కడికి ఎవరు వచ్చారు, ఏమి తీసుకువెళ్లారు అని ప్రశ్నిస్తే అదే తీరం చారిత్రక ఆధారమవుతుంది.

నల్లరాతి కోసం

లావా వేగంగా చల్లారినప్పుడు ఏర్పడే గాజువంటి రాయి అబ్సిడియన్. లోహాలు తెలియని కాలంలో పదునైన పనిముట్లకు ఇది అమూల్యం. మిలోస్‌లో నిఖియా, దెమెనెగాకి దీని ప్రధాన వనరులు. ప్రధాన భూభాగంలోని ఫ్రాంక్తి గుహలో సుమారు 13,000 ఏళ్ల నాటి పొరలలో మిలోస్ అబ్సిడియన్ లభించింది. దీని ప్రాముఖ్యం రెండు విధాలు. మొదటిది, సముద్రమట్టం నేటికంటె తక్కువగా ఉన్న ఆనాడు కూడా మిలోస్ ద్వీపమే కనుక ఇది సముద్రయానానికి సాక్ష్యం. రెండవది, స్థిరమైన జనావాసాలు వెలియడానికి వేల ఏళ్ల ముందే ఇక్కడికి రాకపోకలు ఉండేవి. అంటే ఈ ద్వీపచరిత్రలో నివాసికంటె సందర్శకుడే ముందువాడు.

సైన్యం, శిల్పం

క్రీ.పూ. 416లో ఏథెన్స్ సైన్యం మిలోస్‌ను ముట్టడించింది. స్పార్టాతో బంధుత్వమున్నా తటస్థంగా ఉండగోరిన మిలోస్ చివరికి లొంగిపోయింది. పట్టుబడిన వయోజన పురుషులను చంపి, స్త్రీలను, పిల్లలను బానిసలుగా అమ్మి, ఏథెన్స్ అక్కడ 500 మంది వలసదారులను నిలిపింది. ముట్టడికి ముందు జరిగిన సంప్రదింపులను థుసిడైడిస్ సంభాషణ రూపంలో రాశాడు. మిలోస్ ప్రజల వాదన మనకు ఏథెన్స్ చరిత్రకారుని కలం ద్వారానే తెలుస్తున్నది.

1820లో ఒక రైతు పొలంలో దొరికిన పాలరాతి శిల్పానిదీ ఇంచుమించు ఇదే కథ. ద్వీపం అప్పుడు ఆటోమన్ పాలనలో ఉంది. ఫ్రెంచి నౌకాధికారుల ఆసక్తితో ఆ శిల్పం ఫ్రాన్సుకు చేరింది. పదునెనిమిదవ లూయీ దానిని 1821లో లూవ్రు మ్యూజియానికి ఇచ్చాడు. గ్రీకు దేవత ఆఫ్రొడైటిగా భావించబడే ఆ మూర్తి రోమన్ పేరుతో ‘వీనస్ డి మిలో’గా ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ద్వీపంలోని ప్లాకా మ్యూజియంలో నేడు ఉన్నది నకలు మాత్రమే.

గనులు

ఈజిప్టు పటిక తరువాత మిలోస్ పటికే మేలైనదని రోమన్ రచయిత ప్లినీ పేర్కొన్నాడు. ఆధునిక కాలంలో పాలియోరేమా గనుల నుండి 1950ల వరకు గంధకం తవ్వారు. బెంటొనైట్, పెర్లైట్ ఖనిజాల తవ్వకం నేటికీ సాగుతున్నది. మూతపడిన గంధకపు గని శిథిలాలు ఇప్పుడు చూడదగిన ప్రదేశాల జాబితాలో చేరాయి. శ్రమస్థలం దృశ్యంగా మారిన తీరు ఇది.

ముగింపు

పనిముట్టు, రాజ్యాధికారం, కళాఖండం, ఖనిజం, దృశ్యం - ఒక్కొక్క కాలపు సందర్శకుడు మిలోస్‌లో ఒక్కొక్కటి వెదికాడు. అతడు వెదికిన దానికి ఆధారాలు విస్తారంగా మిగిలాయి. నివాసుల మాట మాత్రం చాలావరకు ఇతరుల పత్రాలలోనే నిలిచింది. తీరప్రాంత చరిత్రరచన పూరించవలసిన ఖాళీ అదే.